వాటర్ లెవెల్ కంట్రోలర్ - ఆరేళ్ళు వాడాక, ఒక మోటార్ కాలాక రాస్తున్న రివ్యూ

2019లో మా నిజాంపేట్ అపార్ట్‌మెంట్‌లో ఇది పెట్టించాం, 30 ఫ్లాట్లు, 5 హెచ్‌పీ బోరు, ఒక సంపు, పైన ట్యాంకు, మోటార్ల సంగతి అప్పట్నుంచి నేనే చూస్తున్నా. దీని లెక్క సింపుల్, ట్యాంకులో కింది ప్రోబ్‌కి (నీళ్ళు తగిలిందీ లేందీ చెప్పే కడ్డీ) నీళ్ళు తగలకపోతే ఆన్, పై ప్రోబ్‌కి తగిలితే ఆఫ్, సంపు ఖాళీ అయితే సంపు మోటార్ వెయ్యదు, బోరు మోటార్ తీసుకునే కరెంటు బాగా తగ్గిపోతే డ్రై రన్ (నీళ్ళు లేకుండా తిరగడం) అని ఆపేస్తది. మొదటి మూడేళ్ళు దాని వైపు కూడా చూడలేదు, అంత బాగా పనిచేసింది.

ఒకరోజు పొద్దున్నే సంపు ఖాళీ అని లైటు వెలుగుతోంది, కానీ రాత్రే మంజీరా వచ్చింది (జలమండలి నీళ్ళు ఎక్కడివైనా మా దగ్గర మంజీరానే). వాచ్‌మన్ అన్న మూత తీసి చూసి "నిండా ఉంది సార్, ఇది ఉత్తగనే అంటుంది" అని కంట్రోలర్‌ని పక్కనపెట్టి మాన్యువల్‌లో మోటార్ వేసేశాడు, కరెక్టే చేశాడు. ప్రోబ్ బయటికి తీస్తే బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పెచ్చు కట్టింది, దానికి నీళ్ళు తెలిసే దారే లేదు. నిమ్మరసంతో రుద్ది పెట్టాం, అంతటితో మర్చిపోయాం.

అసలు దెబ్బ మే నెలలో తగిలింది. బోరు డ్రై రన్ అని ట్రిప్ అయింది, అరగంటకి మళ్ళీ వేసి మళ్ళీ ఆపేసింది. ఫ్లాట్ల నుంచి ఫోన్ మీద ఫోన్, నీళ్ళేవీ అని. ఇది మళ్ళీ ఉత్తగనే అంటుందనుకుని వాచ్‌మన్ అన్న మాన్యువల్ పెట్టాడు, ఈసారి అది చెప్పింది నిజం. సబ్‌మెర్సిబుల్‌కి (బోరు లోపల నీళ్ళలో మునిగి ఉండే మోటార్) చుట్టూ నీళ్ళే చల్లదనం, అవి లేక వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలిపోయింది. పైపులన్నీ పైకి లాగి రివైండింగ్ అయ్యేదాకా ట్యాంకర్లే.

తప్పు వాచ్‌మన్‌ది కాదు, నాది. సంపుకైతే మూత తీసి చూడొచ్చు, బోరులోకి ఎవరూ చూడలేరు, అక్కడ మోటార్ తీసుకునే కరెంటు చూపించే అమ్మీటరే మన కన్ను, మామూలుగా 9 ఆంప్స్ లాగేది ఆరోజు 5 దగ్గరే ఉంది, అది చూడాలని ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. మాన్యువల్ వేసే ముందు ఏం చూసి వేశావో పుస్తకంలో ఒక లైను రాయమన్నాం, ఆ లైనులో రాయడానికి ఏం లేకపోతే నాకు ఫోన్ చెయ్యమన్నాం.

కొనమనే చెప్తా. కానీ ఆంప్స్ పెద్ద అంకెల్లో కనపడే ప్యానెల్ తీసుకోండి, మాది డబ్బా తలుపు తెరిస్తే తప్ప కనపడదు, అర్ధరాత్రి టార్చ్ పట్టుకుని ఎవరు తెరుస్తారు చెప్పండి.