ఇంట్లో మిక్సీ పట్టే పంప్‌కిన్ స్పైస్ కాఫీ: నీళ్ల ఐస్ మేలా, కాఫీ ఐస్ మేలా? పొడి మేలా, సిరప్ మేలా?

ఐస్ వేసి మిక్సీ పట్టిన పంప్‌కిన్ స్పైస్ (దాల్చినచెక్క, జాజికాయ, లవంగంలాంటివి కలిపిన మసాలా) కాఫీ మొదటి రెండు గుటకలు చాలా బాగుంటుంది. సగం గ్లాసు తాగేసరికి పైన నురగ తేలుతుంది, కింద దాల్చినచెక్క రంగు నీళ్లు మిగులుతాయి. నేను ఇంట్లో చేసిన మొదటి ఏడెనిమిది గ్లాసులూ ఇలాగే అయ్యాయి. కాఫీ పెంచాను, చక్కెర పెంచాను, మసాలా పెంచాను. ఏది పెంచినా రుచి ఘాటెక్కిందే కానీ గ్లాసు అడుగున నీళ్లు తగ్గలేదు.

ఈ పానీయానికి రెండు శత్రువులు ఉన్నాయని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. ఒకటి నీరు, రెండోది చలి. నీరు రుచిని పలచన చేస్తుంది. చలి నాలుకకు తీపిని, ముక్కుకు వాసనను తగ్గిస్తుంది. అందుకే వేడి లాటేకు సరిపోయిన కొలతలు దీనికి సరిపోవు. కింద నేను పోల్చిన ప్రతి రెండింటిలో ఏది మేలో ఈ రెండు ప్రశ్నలతోనే తేల్చాను: నీళ్లు ఎంత చేరుతున్నాయి? చలిని తట్టుకుని రుచి ఎంత నిలుస్తోంది?

నీళ్ల ఐస్, కాఫీ ఐస్, పాల ఐస్, ఐస్‌క్రీమ్

ముందు ఒక లెక్క చూడండి. ఒక గ్రాము ఐస్ కరగడానికి దాదాపు 80 కేలరీల వేడి కావాలి. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఒక కేలరీ వేడి బయటికి వస్తుంది. అంటే 80 డిగ్రీల వేడితో ఉన్న కాఫీని సున్నా డిగ్రీలకు దించాలంటే దాదాపు ఆ కాఫీ బరువంత ఐస్ కరిగిపోవాలి. 60 మిల్లీలీటర్ల వేడి డికాక్షన్ నేరుగా మిక్సీ జార్‌లో పోస్తే, బటన్ నొక్కకముందే 60 మిల్లీలీటర్ల నీళ్లు కలిపినట్టే. నా మొదటి గ్లాసుల్లో జరిగిన పొరపాటు ఇదే. వేడి కాఫీని మూత బిగించిన జార్‌లో తిప్పితే ఆవిరికి మూత ఎగిరిపడి చేతులు కాలే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఏ రకం ఐస్ వాడినా సరే, కాఫీని ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లార్చాలి. ఈ ఒక్క జాగ్రత్తతోనే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగం ఐస్ దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. నీళ్ల ఐస్‌కు ఉన్న మంచి గుణం, అది ఎప్పుడూ సిద్ధంగా ఉండటం. గబగబా తాగేవాళ్లకు అది చాలు. నిదానంగా తాగేవాళ్లకు మాత్రం ప్రతి నిమిషం గ్లాసులో నీరు పెరుగుతూనే ఉంటుంది. కాఫీనే ట్రేలో పోసి గడ్డకట్టించి వాడితే, కరిగినా కాఫీయే కలుస్తుంది. చివరి గుటక మొదటి గుటకలాగే ఉంటుంది.

కాఫీ ఐస్‌లో ఇబ్బందులు లేకపోలేదు. ఫ్రీజర్‌లోని వాసనలను అది తొందరగా పట్టేస్తుంది, కాబట్టి గడ్డకట్టగానే మూత గట్టిగా పట్టే డబ్బాలోకి మార్చి వారం పది రోజుల్లో వాడేయాలి. డికాక్షన్ మరీ చిక్కగా ఉంటే గ్లాసంతా చేదెక్కుతుంది. అందుకే క్యూబ్స్‌కు మామూలుగా తాగే బ్లాక్ కాఫీ అంత చిక్కదనం చాలు. పైగా కెఫీన్ కూడా పెరుగుతుంది. సాయంత్రం తాగాలంటే డీకాఫ్ (కెఫీన్ తీసేసిన) కాఫీతో ఐస్ చేసుకోవడమో, పాలతో చేసుకోవడమో మంచిది. పాల ఐస్ మిక్సీలో మెత్తగా పొడి అవుతుంది, రుచి కూడా సున్నితంగా ఉంటుంది. అయితే అప్పుడు జార్‌లో పోసే కాఫీని బాగా చిక్కగా తీసుకోవాలి.

వెనిలా ఐస్‌క్రీమ్ వేస్తే మీగడలాంటి మృదుత్వం వస్తుంది. పిల్లలకు అదే నచ్చుతుంది. నాకు మాత్రం అందులో వెనిలా, తీపి తప్ప జాజికాయ, లవంగం తెలియవు. మిల్క్‌షేక్ కావాలంటే అది మంచి దారి. మసాలా కాఫీ కావాలంటే కాఫీ ఐసే.

మసాలా: పొడి నేరుగా వేయాలా, సిరప్ కాచుకోవాలా?

నా దృష్టిలో ఈ పానీయం బాగుండటం, బాగుండకపోవడం తేలేది ఇక్కడే.

పంప్‌కిన్ స్పైస్ అంటే దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. చాలామంది ఆల్‌స్పైస్ (మిరియాల్లా కనిపించే ఒక ఎండు కాయ) కూడా కలుపుతారు. అమెరికాలో గుమ్మడి ‘పై’ (pie, ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) కోసం కలిపే మసాలా ఇది. మెకార్మిక్ కంపెనీ 1934లో దీన్ని ఒకే డబ్బాలో కలిపి అమ్మడం మొదలుపెట్టింది. పేరులో గుమ్మడి ఉన్నా డబ్బాలో గుమ్మడి ఉండదు.

ఈ పొడి ఆ ‘పై’లోకి వెళ్తే దాదాపు గంటసేపు ఓవెన్‌లో ఉడుకుతుంది. చల్లటి కాఫీలోకి వెళ్తే పచ్చిగానే ఉండిపోతుంది. దాల్చినచెక్క పొడి నీళ్లలో కరగదు, నీటిని పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది. కాసేపటికి కొంత పైన తేలుతుంది, కొంత అడుగుకు చేరుతుంది, గొంతులో గరగరలాడుతుంది. రుచి తెలియడం లేదని ఇంకో అర స్పూన్ వేస్తే గరగర పెరుగుతుంది, చేదు పెరుగుతుంది, పరిమళం మాత్రం అంతే ఉంటుంది.

సిరప్ దారి వేరు. ఒక కప్పు బ్రౌన్ షుగర్, ఒక కప్పు నీళ్లు, రెండు దాల్చినచెక్క ముక్కలు, నాలుగైదు లవంగాలు, ఒక అంగుళం అల్లం చితక్కొట్టి సన్నటి మంట మీద పది పన్నెండు నిమిషాలు కాచాలి. దించాక కొద్దిగా జాజికాయ తురిమి వేయండి. జాజికాయ వాసన తొందరగా ఎగిరిపోతుంది కాబట్టి దాన్ని మంట మీద ఉండగా వేయను. మూతపెట్టి ఇరవై నిమిషాలు ఉంచి వడకట్టాలి. మసాలా సారమంతా చక్కెర పాకంలోకి దిగుతుంది, పిప్పి జల్లెడలో మిగిలిపోతుంది. గ్లాసులో ఎక్కడ తాగినా ఒకే రుచి. ఫ్రిజ్‌లో శుభ్రమైన సీసాలో రెండు మూడు వారాలు నిల్వ ఉంటుంది.

చాలా రెసిపీల్లో గుమ్మడి గుజ్జును కూడా ఈ సిరప్‌లోనే వేసి కాస్తారు. వేడి లాటేకు అది బాగుంటుంది. దీనికి నేను రెండింటినీ విడిగానే ఉంచుతాను. గుజ్జు కలిసిన సిరప్ అడుగున పేరుకుంటుంది, వారంలోపే అయిపోగొట్టాలి. పైగా ఒక గ్లాసులో గుజ్జు పెంచాలంటే తీపి కూడా పెరిగిపోతుంది.

సిరప్ కాచే తీరిక లేని రోజున మధ్యేమార్గం ఒకటుంది. గుజ్జు రెండు పెద్ద స్పూన్లు, మసాలా పొడి పావు టీస్పూన్, చక్కెర కలిపి చిన్న పాన్‌లో రెండు మూడు నిమిషాలు కలియబెట్టి చల్లార్చి వాడండి. పచ్చివాసన పోతుంది, పొడి గుజ్జుకు పట్టుకుని తేలకుండా ఉంటుంది. కొందరు ఆ పొడిని వెన్నలో వేయిస్తారు. చల్లటి గ్లాసులో ఆ వెన్న గట్టిపడి చిన్న చిన్న పలుకులుగా నాలుకకు తగులుతుంది, అందుకని ఇక్కడ అది పనికిరాదు.

పొడి మీరే కలుపుకుంటే దాల్చినచెక్క నాలుగు పాళ్లు, శొంఠి రెండు, జాజికాయ ఒకటి, లవంగం అర పాలు నాకు కుదిరిన లెక్క. లవంగం దగ్గర చెయ్యి తేలిగ్గా ఉండాలి. చలికి తీపి అణుగుతుంది కానీ లవంగం ఘాటు అంతగా అణగదు. జాజికాయ కూడా చిటికెడు దాటకూడదు, ఎక్కువ మోతాదులో అది ఒంటికి మంచిది కాదు.

గుమ్మడి గుజ్జు: ఇంట్లో చేసిందా, టిన్నుదా, అసలు వద్దా?

వద్దు అనడం కూడా తప్పేమీ కాదు. స్టార్‌బక్స్ పంప్‌కిన్ స్పైస్ లాటేను 2003లో తెచ్చింది. అందులో అసలైన గుమ్మడి గుజ్జు చేరింది 2015లో. అంతకాలం జనం ఇష్టంగా తాగింది మసాలానే. గుమ్మడి వాసన నిజానికి చాలా మెత్తన. కాఫీ పక్కన అది దాదాపు వినపడదు.

అయినా మిక్సీ పట్టే ఈ పానీయంలో నేను గుజ్జు మానను, కారణం చిక్కదనం. గుజ్జులోని పీచు నీటిని పట్టి ఉంచుతుంది, నురగ, నీళ్లు తొందరగా విడిపోకుండా చూస్తుంది. కేఫ్‌లలో ఈ పనికి సాధారణంగా శాంథన్ గమ్ (చిక్కదనం ఇచ్చే పొడి) లాంటిది ఉన్న తీపి బేస్ వాడతారు. ఇంట్లో రెండు స్పూన్ల గుజ్జు ఆ పనిలో చాలావరకు చేసిపెడుతుంది. గుజ్జు వద్దనుకుంటే టీస్పూన్‌లో ఎనిమిదో వంతు శాంథన్ గమ్ చాలు. ఎక్కువైతే సాగుతుంది. అరటిపండు వేస్తే చిక్కదనం వస్తుంది కానీ గ్లాసంతా అరటిపండే అవుతుంది.

ఇక ఇంటిదా, టిన్నుదా? పచ్చి గుమ్మడిలో 90 శాతానికి పైగా నీరే. దాన్ని నీళ్లలో ఉడికిస్తే మరింత నీరు పీలుస్తుంది. కాబట్టి గుజ్జు ఇంట్లో చేస్తే కాల్చడమే సరైన పద్ధతి. తియ్య గుమ్మడిని రెండుగా కోసి గింజలు తీసి, కోసిన వైపు కిందికి బోర్లించి 200 డిగ్రీల ఓవెన్‌లో 45 నిమిషాల నుంచి గంట వరకు ఉంచండి. కత్తి సులువుగా దిగితే అయినట్టే. మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో వేసి ఒక గంట వేలాడదీస్తే దిగే నీళ్లు చూసి ఆశ్చర్యపోతారు. అంచులు మాడి తీపెక్కిన ఆ గుజ్జు రుచి టిన్నుకు రాదు.

కానీ కాయ బాగుండాలి. హాలోవీన్‌కు ముఖాలు చెక్కే పెద్ద నారింజ రంగు గుమ్మడికాయలు పీచుగా, నీళ్లగా ఉంటాయి. అమెరికాలో టిన్నుల్లోకి వెళ్లే గుజ్జు ఎక్కువగా డికిన్సన్ అనే రకంది. దాని తోలు లేత గోధుమ రంగులో ఉంటుంది, చూడటానికి బటర్‌నట్ అనే గుమ్మడి రకానికి దగ్గర. ఇంట్లో చేసేవాళ్లు బటర్‌నట్‌నే వాడుకోవచ్చు, అది దాదాపు ఎప్పుడూ నిరాశపరచదు. మంచి కాయ దొరకనప్పుడు, మొదటిసారి చేస్తున్నప్పుడు టిన్నే మేలు. ఏ టిన్ను తీసినా చిక్కదనం ఒకేలా ఉంటుంది. లేబుల్ మీద ప్యూరీ (ఉత్త గుజ్జు) అని ఉందా, ‘పై ఫిల్లింగ్’ అని ఉందా చూసుకోండి. ఫిల్లింగ్‌లో చక్కెర, మసాలా ముందే కలిసి ఉంటాయి, మన లెక్కలన్నీ తప్పుతాయి. టిన్నుకుండే ఒక రకం ఉడుకు వాసన పోవాలంటే నూనె, నీళ్లు వేయని పాన్‌లో ఐదు నిమిషాలు కలియబెడితే సరి.

మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. ఐస్ ట్రేలో నింపి గడ్డకట్టించండి. గ్లాసుకు ఒకటి రెండు క్యూబ్స్ సరిపోతాయి, అవి కూడా ఐస్‌లాగే చల్లదనం ఇస్తాయి. ఆ మేరకు కాఫీ ఐస్ తగ్గించుకోవచ్చు.

ఇన్‌స్టంట్, డికాక్షన్, కోల్డ్ బ్రూ

ఇక్కడ చాలామందికి నచ్చని మాట చెప్తాను. ఈ పానీయానికి ఇన్‌స్టంట్ కాఫీ ఏమాత్రం తక్కువ కాదు. రెండు టీస్పూన్ల పొడి రెండు పెద్ద స్పూన్ల నీళ్లలో కరిగిపోతుంది. అంత తక్కువ నీటితో అంత గట్టి కాఫీ ఎస్‌ప్రెస్సో మెషిన్ లేని ఇంట్లో వేరే దారిలో రావడం కష్టం. పాలు, గుమ్మడి, లవంగం కలిశాక ఖరీదైన గింజల్లోని పూల వాసనలు, పండ్ల వాసనలు ఎలాగూ తెలియవు. వాటిని విడిగా బ్లాక్ కాఫీగా తాగడమే వాటికి న్యాయం.

ఎస్‌ప్రెస్సో, చిక్కటి డికాక్షన్ ఉంటే ఇంకా మంచిది. డార్క్ రోస్ట్ (గింజలను ముదురు రంగు వచ్చేదాకా వేయించినది) ఎంచుకోండి. కోల్డ్ బ్రూ (చల్లటి నీళ్లలో నానబెట్టి తీసే కాఫీ) నాకు ఎంతో ఇష్టం, 12 నుంచి 18 గంటలు నానిన ఆ మెత్తదనం బాగుంటుంది. కానీ ఇందులో ఆ మెత్తదనమే లోపమవుతుంది. మసాలాకు ఎదురు నిలిచే చేదు దానిలో చాలదు. వాడాలనుకుంటే నీళ్లు కలపని చిక్కటి కాన్‌సెంట్రేట్ వాడండి.

పాలలో వెన్న తీయనివే మేలు. దాల్చినచెక్క, లవంగాల పరిమళాన్నిచ్చే నూనెలు కొవ్వులో బాగా కలుస్తాయి. పాలు తాగనివాళ్లకు ఓట్ పాలు చిక్కగా కుదురుతాయి, బాదం పాలు పలచనవుతాయి.

నేను వాడే కొలత

ఒక పొడవాటి గ్లాసుకు: చల్లటి పాలు 120 మిల్లీలీటర్లు, చల్లార్చిన చిక్కటి కాఫీ 40 మిల్లీలీటర్లు, గుజ్జు రెండు పెద్ద స్పూన్లు, సిరప్ మూడు పెద్ద స్పూన్లు, ఒక చిటికెడు ఉప్పు, కాఫీ ఐస్ ఆరేడు ముక్కలు. ఐస్ వేయకముందే ఒక స్పూన్ రుచి చూడండి. అప్పుడు కాస్త ఎక్కువ తియ్యగా అనిపించాలి, చల్లబడ్డాక సరిపోతుంది.

ద్రవాలు ముందు, ఐస్ చివర. నాలుగైదు సార్లు ఆపి ఆపి తిప్పి, తర్వాత 30 సెకన్లు వరుసగా తిప్పితే చాలు. ఇంకా తిప్పితే మోటార్ వేడికి కరగడం మొదలవుతుంది. మీ జార్ ఐస్ పగలగొట్టడానికి పనికొచ్చేది కాకపోతే ముక్కలను గుడ్డలో చుట్టి ముందే చితక్కొట్టి వేయండి. హ్యాండ్ బ్లెండర్‌కూ ఇదే పద్ధతి.

పైన విప్డ్ క్రీమ్ వేసినా వేయకపోయినా, ఆ క్షణంలో తురిమిన జాజికాయ మాత్రం చిటికెడు చల్లండి. చల్లటి పానీయం నుంచి వాసన తక్కువగా లేస్తుంది, ముక్కుకు అందేది ముఖ్యంగా ఈ పైన చల్లిందే. స్ట్రాతో తాగితే అది ముక్కు దగ్గరికి రాదు. మొదటి కొన్ని గుటకలైనా గ్లాసు అంచు నుంచి తాగి చూడండి.