ఫోర్డ్ దారా, కజెన్స్ దారా: మిషిగన్‌కు ఏది మేలు?

మిషిగన్ చరిత్రలో హెన్రీ ఫోర్డ్ పేరు తెలియనివారు అరుదు. ఆయన పక్కనే పన్నెండేళ్లు లెక్కలు చూసిన జేమ్స్ కజెన్స్ పేరు మాత్రం డెట్రాయిట్ పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగువారిలోనూ చాలామంది విని ఉండరు. 1903 జూన్ 16న 12 మంది వాటాదారులతో, 28,000 డాలర్ల నగదుతో మొదలైన ఫోర్డ్ మోటార్ కంపెనీలో ఒకరిది యంత్రం, ఒకరిది ఖాతా పుస్తకం. కెనడాలోని చాటమ్‌లో పుట్టి, డెట్రాయిట్‌లో ఒక బొగ్గు వర్తకుడి దగ్గర గుమాస్తాగా పనిచేసిన కజెన్స్ కూడబెట్టిందీ అప్పు చేసిందీ కలిపి 2,500 డాలర్లు పెట్టారు. ఆయన అక్కచెల్లెళ్లలో ఒకరు 100 డాలర్లు ఇచ్చారు. తరువాత ఒకరు ఫ్యాక్టరీలోనే ఉండిపోయి, మరొకరు ప్రభుత్వ పదవుల్లోకి వెళ్లి, ఒకే రాష్ట్రాన్ని రెండు విధాలుగా మార్చారు.

వస్తువు తయారీ వరకే చూస్తే పోలికకు చోటే లేదు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చాక, చాసీ (కారు అడుగు చట్రం) బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టే పని 93 నిమిషాలకు తగ్గింది. 1908లో 850 డాలర్లు పలికిన ఫోర్డ్ కారు మోడల్ టి ధర 1920ల నడిమికి 300 డాలర్ల లోపుకు దిగింది. అయితే ఒకే బోల్టును రోజంతా బిగిస్తూ నిలబడలేక కార్మికులు పారిపోయేవారు. సుమారు 14,000 మందిని పనిలో నిలుపుకోవడానికి ఒక్క 1913లోనే 50,000 మందికి పైగా కొత్తవారిని తీసుకోవలసి వచ్చింది.

దానికి మందుగా వచ్చినదే రోజుకు అయిదు డాలర్ల వేతనం. 1914 జనవరి 5న ఫోర్డ్ పక్కన ఉండగా పత్రికలవారికి ఆ ప్రకటన చదివి వినిపించినది కజెన్సే. ఆలోచన ఎవరిదన్న వాదు నేటికీ తెగలేదు. వారం తిరిగేసరికి గేటు ముందు గుమిగూడిన నిరుద్యోగుల మీదికి, గడ్డకట్టే చలిలో, మంటలార్పే గొట్టాలతో నీళ్లు కొట్టారు. పైగా ఆ అయిదు డాలర్లలో సగానికి పైగా జీతం కాదు, లాభంలో వాటా. అది చేతికి రావాలంటే కార్మికుడు తాగుతున్నాడా, పొదుపు చేస్తున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని కంపెనీ ఉద్యోగులు ఇంటికి వచ్చి చూసి సరేననాలి. మొదట్లో ఆడవారికి ఆ వాటాయే లేదు.

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. యజమాని దయతో వచ్చినది యజమాని మనసు మారితే పోతుంది. 1932 మార్చి 7న ఫోర్డ్‌దే అయిన రూజ్ ఫ్యాక్టరీకి పని అడగడానికి ఊరేగింపుగా వెళ్లిన నిరుద్యోగులపై పోలీసులు, కంపెనీ కాపలాదారులు కాల్పులు జరిపితే ఆ రోజే నలుగురు చనిపోయారు. 1937లో అదే ఫ్యాక్టరీ వంతెన మీద కార్మిక యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్‌ను కంపెనీ మనుషులు కొట్టారు. యూనియన్‌తో ఒప్పందానికి ఫోర్డ్ 1941 దాకా దిగిరాలేదు.

కజెన్స్ 1915లో, ఐరోపా యుద్ధంపై ఫోర్డ్ రాతలు నచ్చక కంపెనీ విడిచారు. 1919లో వాటాలు అమ్మితే దాదాపు 2.9 కోట్ల డాలర్లు వచ్చాయి. డెట్రాయిట్ పోలీస్ కమిషనర్ అయ్యారు, ఆపై మేయర్ అయ్యారు. ప్రైవేటు కంపెనీ చేతిలోని ట్రాములను జనం ఓటుతో 1922లో నగరం సొంతం చేశారు. 1918లో సెనేట్‌కు నిలబడి ఫోర్డ్ స్వల్ప తేడాతో ఓడిన స్థానమే, గెలిచిన న్యూబెర్రీ రాజీనామాతో, 1922లో కజెన్స్‌కు దక్కడం విధి విలాసమనే అనాలి.

ఆయనా మొండివారే. 1933 ఫిబ్రవరిలో డెట్రాయిట్ బ్యాంకు ఒకటి కూలబోతుంటే, సరైన తాకట్టు లేకుండా ప్రభుత్వ అప్పు ఇవ్వరాదని కజెన్స్ పట్టుబట్టారు. ఆ బ్యాంకులోని తన డిపాజిట్‌ను ఇతర బాకీల తరువాతే తీసుకోవడానికి ఫోర్డ్ ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 14న గవర్నర్ రాష్ట్రంలోని బ్యాంకులన్నీ మూయించారు. ఇద్దరు పాత భాగస్వాముల పంతానికి చిన్న ఖాతాదారులూ బలయ్యారు.

అయినా నా మొగ్గు కజెన్స్ దారి వైపే. ఆయన తప్పుకు జవాబు అడిగే వీలు జనానికి ఉంది, అడిగారు కూడా: డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను సమర్థించినందుకు 1936లో సొంత రిపబ్లికన్ పార్టీ ఓటర్లే ఆయనను ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడించారు. ఆ అక్టోబరులోనే ఆయన కన్నుమూశారు. దానాల తీరులోనూ అదే తేడా కనిపిస్తుంది. ఫోర్డ్ కుటుంబం 1936లో నెలకొల్పిన ఫౌండేషన్ పెరిగి పెద్దదై 1953లో న్యూయార్క్‌కు తరలిపోయింది. కజెన్స్ 1929లో కోటి డాలర్లతో పెట్టిన మిషిగన్ బాలల నిధి, అసలూ వడ్డీ 25 ఏళ్లలో ఖర్చు కావాలన్న షరతు ప్రకారం, పిల్లల ఆరోగ్యానికే అంతా వెచ్చించి 1954లో తలుపులు మూసింది.