బోల్గర్ రాళ్ళా, ఆర్స్క్ పల్లెలా? తాతార్ల నేల చూడాలంటే ఏది మేలు

మా మేనల్లుడు కజాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. జనవరి పరీక్షలు అయిపోగానే ఫోన్ చేసి, "మామయ్యా, ఒక్క రోజు ఖాళీ దొరికింది. సిటీ మొత్తం తిరిగేశాను. అసలైన తాతార్ పల్లె చూడాలని ఉంది. బోల్గర్ వెళ్ళనా, ఆర్స్క్ వెళ్ళనా?" అని అడిగాడు. అప్పటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అక్కడ చదివే మన పిల్లలకు, వాళ్ళను చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నేల సంగతి. రష్యాలో భాగమైన, కజాన్ రాజధానిగా ఉన్న తాతార్‌స్తాన్ రిపబ్లిక్ జనాభా 2021 లెక్కల్లో 40 లక్షలు. అందులో సగానికి కాస్త ఎక్కువ మంది తాతార్లు, మిగిలినవాళ్ళలో ఎక్కువ మంది రష్యన్లు. రిపబ్లిక్‌లో 43 జిల్లాలున్నాయి. వాటిని అక్కడ రయాన్ అంటారు. జిల్లా అన్నామని మన జిల్లాలను ఊహించుకోవద్దు. జనాన్ని బట్టి చూస్తే అది మన మండలం లాంటిది. ఆర్స్క్ జిల్లాలో ఉన్నది సుమారు 52,000 మంది. విస్తీర్ణం మాత్రం 1,840 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మన మండలాలు ఏడెనిమిది కలిపితే గానీ అంత నేల రాదు. ఇక్కడ ఊరి చివరి ఇల్లు దాటకముందే పక్క ఊరి తొలి ఇల్లు కనిపిస్తుంది. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య పొలం, అడవి, వాగు, మళ్ళీ పొలం.

1920లో తాతార్ స్వయంపాలిత రిపబ్లిక్ ఏర్పడినప్పుడు దాన్ని కాంటన్లుగా విడగొట్టారు. 1930లో కాంటన్లు తీసేసి ఈ రయాన్లు పెట్టారు. మనం పోల్చబోయే రెండూ 1930 ఆగస్టు 10నే పుట్టాయి. ఒకటి కజాన్‌కు ఈశాన్యాన ఉన్న ఆర్స్క్ జిల్లా. రెండోది దక్షిణాన వోల్గా ఎడమ ఒడ్డున ఉన్న స్పాస్క్ జిల్లా. బోల్గర్ పట్నం ఈ రెండో జిల్లాకు కేంద్రం.

కవల పిల్లల్లా ఒకే రోజు పుట్టినా పోలిక మాత్రం అక్కడితో సరి. స్పాస్క్ జిల్లా విస్తీర్ణంలో కొంచెం పెద్దదే, అయినా జనం 20,000 అటూ ఇటూ. ఆర్స్క్‌లో సగం కూడా లేరు. ఆర్స్క్ జిల్లాలో పది మందిలో తొమ్మిది మందికి పైగా తాతార్లు. స్పాస్క్‌లో మూడింట రెండు వంతులు రష్యన్లు, తాతార్లు మూడో వంతు కంటే తక్కువ. అంటే తాతార్లు తమ చరిత్రకు తొలి గడపగా కొలిచే బోల్గర్ చుట్టూ ఇప్పుడు తాతార్లే తక్కువ. ఇది తెలిసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే, ఎటు వెళ్ళాలన్న ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే.

కామా నది వోల్గాలో కలిసే చోటుకు కాస్త దిగువన ఉంది బోల్గర్. వెయ్యేళ్ళ కిందట వోల్గా బల్గారియా రాజ్యానిది ఈ నేల. వాళ్ళ రాజు బాగ్దాద్ ఖలీఫాకు కబురు పంపి మతబోధకులను, కోట కట్టుకోవడానికి సాయాన్ని అడిగాడు. 921లో అక్కడి నుంచి బయల్దేరిన బృందం 922 మే నెలలో ఇక్కడికి చేరింది. ఈ జనం ఇస్లాంలోకి వచ్చిన సంవత్సరంగా తాతార్లు ఇప్పటికీ 922నే గుర్తు పెట్టుకుంటారు. బృందంతో వచ్చిన ఇబ్న్ ఫద్లాన్ చూసినవన్నీ రాసిపెట్టాడు. అందులో ఒక ముచ్చట నాకు బాగా ఇష్టం. రాజు దగ్గర బాగ్దాద్ నుంచి వచ్చిన దర్జీ ఒకడు ఉండేవాడు. రాత్రి నమాజు పిలుపు వచ్చే దాకా మాట్లాడుకుందామని ఇబ్న్ ఫద్లాన్, ఆ దర్జీ ఇద్దరూ గుడారంలోకి వెళ్ళారు. కాసేపటికి పిలుపు వినపడి బయటికొచ్చి చూస్తే తెల్లవారిపోతోంది. ఏ నమాజుకయ్యా పిలిచావని అడిగితే, తెల్లవారుజామున చేసేదానికి అన్నాడట పిలిచినవాడు. మరి రాత్రి నమాజు? దాన్ని సాయంత్రందానితో కలిపి చేసేస్తామన్నాడు. ఎండాకాలంలో అక్కడ రాత్రి అంత పొట్టిది. జూన్‌లో కజాన్‌లో ఉన్న మన పిల్లలు, నిద్ర పట్టడం లేదు, కర్టెన్లు కొనాలి అని ఇంటికి ఫోన్ చేస్తారే, ఆ రాత్రులే ఇవి.

తర్వాత 1236లో మంగోలులు వచ్చి పడ్డారు. అయినా బోల్గర్ లేచి నిలబడింది. గోల్డెన్ హోర్డ్ అనే మంగోలుల రాజ్యం తొలి రోజుల్లో కొంతకాలం రాజధానిగా కూడా ఉంది. పెద్ద మసీదు, స్నానఘట్టాలు, సమాధి మందిరాలు కట్టుకుంది. 1361లో మళ్ళీ దాడి. 1431లో మాస్కో సేనలు వచ్చి మిగిలినదాన్ని కూడా పాడుచేశాయి. దెబ్బ మీద దెబ్బ తిన్న జనం ఊరు వదిలి కామా దాటి ఉత్తరానికి, కజాన్ వైపు, కజాన్ వెనకున్న అడవుల వైపు తరలిపోయారు. ఖాళీ అయిన నల్లరేగడి నేలలోకి శతాబ్దాల తర్వాత రష్యన్ రైతులు వచ్చి స్థిరపడ్డారు. బోల్గర్ శిథిలాల మధ్య రష్యన్ పల్లె వెలిసింది, 18వ శతాబ్దంలో చర్చి కట్టారు. పాత సమాధి రాళ్ళను, అరబ్బీ అక్షరాలు చెక్కిన వాటిని, తెచ్చి పునాదుల్లో వేశారు. 1722లో రష్యా చక్రవర్తి మొదటి పీటర్ అటుగా వెళ్తూ ఆగి చూసి, ఈ కట్టడాలను కాపాడమని, శాసనాలకు నకళ్ళు రాయించమని ఆజ్ఞ ఇచ్చాడు. అయినా నిధుల కోసం తవ్వుకునేవాళ్ళు ఆగలేదు, పెద్ద మినార్ 1841లో కూలిపోయింది. ఇప్పుడు కనిపించేది మళ్ళీ కట్టినది. చిన్న మినార్ మాత్రం పాతదే.

బోల్గర్ పక్కనున్న స్పాస్క్ పట్నం కథ కూడా చెప్పాలి. 1935లో దాని పేరు కుయిబిషెవ్‌గా మార్చారు. 1950ల్లో వోల్గా మీద ఆనకట్ట కట్టి జలాశయం నింపుతుంటే పట్నాన్ని ఎత్తైన చోటికి, బోల్గర్ శిథిలాల పక్కకు తరలించారు. పాత పట్నం ఉన్న చోటు ఇప్పుడు నీళ్ళ మధ్య ఒక దీవి. నాగార్జునకొండను చూసినవాళ్ళకు ఇందులోని బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. 1991లో పట్నం బోల్గర్ అనే పేరు తీసుకుంది. శిథిలాలను 1969 నుంచే రక్షిత ప్రాంతంగా చూసుకుంటున్నారు. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 2012లో కట్టిన తెల్ల మసీదు పాలరాతి మెరుపుతో ఫొటోలకు బాగుంటుంది. మ్యూజియంలో మనిషి ఎత్తి పట్టలేనంత పెద్ద ఖురాన్ ప్రతి ఉంది. ఎండాకాలం మొదట్లో 922 జ్ఞాపకంగా జరిగే జాతరకు దూరదూరాల నుంచి వస్తారు. మీకు శిల్పం, పురావస్తువులు ఇష్టమైతే, లేదా మీరు ముస్లింలై ఆ నేల మీద నమాజు చేసుకోవాలనుకుంటే, ఇక ఆలోచించకండి, బోల్గరే మేలు.

మా వాడు అడిగింది మాత్రం పల్లె. అందుకే ఆర్స్క్.

బోల్గర్ విడిచి వచ్చినవాళ్ళ మనవల మనవలు బతుకుతున్నది ఆ వైపునే. అక్కడివాళ్ళు ఆ ప్రాంతాన్ని 'కజాన్ అర్తీ' అంటారు, అంటే కజాన్ వెనక అని. 1552లో రష్యా చక్రవర్తి నాలుగో ఇవాన్ కజాన్ కోట పట్టుకున్నాడు. అంతకు కొద్ది వారాల ముందు ఆర్స్క్ కోట కూడా పడిపోయింది. ఆ తర్వాత తాతార్లను నగరం లోపల ఉండనివ్వలేదు, పెద్ద నదుల ఒడ్ల నుంచి కూడా తరిమారు. వాళ్ళు లోపలి వాగుల వెంట, అడవి అంచుల్లో ఊళ్ళు కట్టుకుని అక్కడే తమ భాషను, మతాన్ని, చదువును నిలబెట్టుకున్నారు. కజాన్ నగరం మధ్యలో పారే కజాన్కా నది పుట్టేది కూడా ఈ ఆర్స్క్ జిల్లాలోనే, అపాయ్‌కినా గార్ అనే పల్లె దగ్గర. మా వాడు హాస్టల్ నుంచి రోజూ చూసే నది మొదలు చూడాలంటే ఇటే రావాలి.

ఇక్కడి మదర్సాలు చిన్నవి కావు. వెర్ఖ్నయా కోర్సా పల్లెలో 1776లో పుట్టిన కుర్సావీ బుఖారాకు వెళ్ళి చదువుకున్నాడు. పెద్దలు చెప్పిందే గుడ్డిగా నమ్మకండి, మీ బుద్ధితో మూలం చదవండి అన్నందుకు అక్కడ ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. తిరిగొచ్చి తన ఊళ్ళోనే పాఠాలు చెప్పాడు. తాతార్లలో సంస్కరణ భావాలకు మొదలు ఆయనే. ఒక మారుమూల పల్లె అంత పని చేసింది.

ఆర్స్క్ పేరు చెప్పగానే తాతార్లకు గుర్తొచ్చే మనిషి వేరే ఉన్నాడు. కవి గబ్దుల్లా తుకాయ్ 1886లో ఇక్కడి కొష్లావిచ్ పల్లెలో పుట్టాడు. కొన్ని నెలలకే తండ్రి పోయాడు, కొన్నేళ్ళకు తల్లి పోయింది. తాత ఇంట్లో తినడానికి లేక, పిల్లాడిని ఒక బండివాడితో కజాన్ పంపేశారు. ఆ బండివాడు సంతలో నిలబడి, తల్లిదండ్రులు లేని బిడ్డ, ఎవరైనా పెంచుకుంటారా అని కేకేశాడని తుకాయ్ తన చిన్ననాటి జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ ఇల్లూ ఎక్కువ కాలం దక్కలేదు. చివరికి కిర్లాయ్ అనే పల్లెలో సగ్దీ అనే రైతు తీసుకెళ్ళి పెంచాడు. మూడేళ్ళు అక్కడున్నాడు. తనకు లోకం కనిపించడం మొదలైంది కిర్లాయ్‌లోనే అన్నాడు. 27వ ఏట, 1913లో చనిపోయాడు.

పెద్దయ్యాక తుకాయ్ రాసిన షురలే కవిత కజాన్ వెనక కిర్లాయ్ అని ఒక ఊరుంది అంటూనే మొదలవుతుంది. షురలే అంటే అడవి భూతం, నుదుటి మీద కొమ్ము, పొడవాటి వేళ్ళు. దొరికిన మనిషిని చక్కిలిగింతలు పెట్టి చంపుతుంది. రాత్రి కట్టెలకు వెళ్ళిన కుర్రాడు, దుంగ మోయడానికి సాయం పట్టు అని దాని వేళ్ళు దుంగ చీలికలో పెట్టించి, ఆ చీలికలో దిగ్గొట్టి ఉన్న మేకు టక్కున లాగేస్తాడు. వేళ్ళు ఇరుక్కుపోతాయి. అప్పుడు షురలే పేరడిగితే తన పేరు 'బిల్తిర్' అని చెబుతాడు, ఆ మాటకు 'పోయినేడు' అని అర్థం. మిగతా భూతాలు వచ్చి, ఎవడు చేశాడ్రా అంటే, పోయినేడు చేశాడు అంటుంది షురలే. పోయినేడు చేసినదానికి ఇప్పుడెందుకు ఏడుస్తున్నావని అవి తిడతాయి. మన అమ్మమ్మలు చెప్పే కథల పక్కన పెడితే ఇట్టే ఇమిడిపోతుంది. కిర్లాయ్‌లో ఇప్పుడు తుకాయ్ మ్యూజియం ఉంది. తాతార్ పిల్లలందరికీ ఆ ఊరి పేరు నోటికి వచ్చు.

ఆర్స్క్ పట్నంలో చూడాల్సిన ఇంకోటి అక్షరాల మ్యూజియం. 'అలిఫ్బా' అంటే వాళ్ళ పెద్దబాలశిక్ష. తాతార్ భాష 1920ల చివరి దాకా అరబ్బీ లిపిలో రాసేవాళ్ళు. తర్వాత లాటిన్ లిపి తెచ్చారు. 1939లో దాన్నీ మార్చి సిరిలిక్ పెట్టారు. 1910 ప్రాంతాల్లో పుట్టిన పిల్ల నలభై ఏళ్ళు నిండకముందే ఒకే అమ్మభాషను మూడు లిపుల్లో నేర్చుకోవాల్సి వచ్చిందన్నమాట. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు. మన 'అ, ఆ'లు ఇలా రెండుసార్లు మారిపోయి ఉంటే మనకు ఏం మిగిలేదో ఊహించుకోండి. 2017 చివర్లో బడుల్లో తాతార్ భాష తప్పనిసరి కాకుండా పోయింది, తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే వారానికి రెండు గంటలు. కజాన్‌లో బస్సెక్కితే ఎక్కువగా చెవిన పడేది రష్యనే. ఆర్స్క్‌లో అంగడిలో బేరం, బడి దగ్గర తల్లుల కబుర్లు, పిల్లల గొడవ, అన్నీ తాతార్‌లోనే. అందుకే నాకు ఈ జిల్లా ముఖ్యం. భాష మ్యూజియంలో ఉండటం ఒక ఎత్తు, మ్యూజియం బయట మెట్ల మీద వినపడటం ఇంకో ఎత్తు.

చేతిపని ఒకటి తప్పక చూడాలి, ఈచిగీ అనే మెత్తని తోలు బూట్లు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం తోలు ముక్కలను ఆకులుగా, పువ్వులుగా కత్తిరిస్తారు. ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టరు, అంచుకు అంచు ఆనించి పట్టుదారంతో కుడతారు. ముక్కలను కలిపే కుట్టే పువ్వుకు గీత కూడా అవుతుంది. వేలితో రాసి చూస్తే ఎక్కడా ఎత్తుపల్లం తగలదు. మన కలంకారీలో గీత ఎంత ముఖ్యమో, అందులో కుట్టు అంత ముఖ్యం.

ఖర్చు, ప్రయాణం చూస్తే పెద్దగా పోటీ లేదు. ఆర్స్క్ కజాన్ నుంచి 65 కిలోమీటర్లు, లోకల్ రైలు ఉంది. అక్కడి నుంచి కిర్లాయ్‌కి టాక్సీ మాట్లాడుకోవాలి. బోల్గర్ రోడ్డున సుమారు 200 కిలోమీటర్లు. వేసవిలో కజాన్ రేవు నుంచి వేగంగా వెళ్ళే పడవలు నడుస్తాయి, అలా వెళ్తే ప్రయాణమే ఒక పండగ. చలికాలం వోల్గా గడ్డకట్టాక పడవలుండవు. పొద్దు పొట్టిది, మంచులో రానూ పోనూ 400 కిలోమీటర్ల టెన్షన్ పెట్టుకుని వెళ్ళినా, చూసేది చాలావరకు ఆరుబయటే.

మూడోది కూడా ఉందా అంటే ఉంది, కుక్‌మోర్ జిల్లా. ఆర్స్క్‌కు ఇంకా తూర్పున. అక్కడ తాతార్లతో పాటు ఉద్‌ముర్త్‌లు, మారీలు కూడా ఉంటారు. ఉన్ని బూట్లకు, అల్యూమినియం గిన్నెలకు రష్యా అంతా పేరు. రెండు రోజులు చేతిలో ఉంటే ఆర్స్క్‌తో కలిపి చూడొచ్చు, ఒక్క రోజుకు కుదరదు.

మా వాడికి నేను చెప్పింది ఇదే. జనవరిలో ఆర్స్క్, జూన్‌లో బోల్గర్. పొద్దున్నే రైలెక్కి వెళ్ళాడు. కిర్లాయ్ చూసి వెనక్కి వస్తూ ఆర్స్క్‌లో ఎచ్‌పొచ్‌మక్ తిన్నాడట. పేరుకు అర్థం మూడు మూలలు, లోపల మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ. వడ్డించిన పెద్దావిడకు 'రఖ్మెత్' అని వాళ్ళ భాషలో థ్యాంక్స్ చెబితే, ఆవిడ ఆగి, మళ్ళీ అనమని అడిగి, ఇంకోటి తెచ్చి ప్లేట్‌లో పెట్టి, తాతార్‌లో ఏదో చాలాసేపు చెప్పిందట. ఒక్క ముక్క అర్థం కాలేదు మామయ్యా, అయినా లేవబుద్ధి కాలేదు అన్నాడు.