లోమెన్ నడకదారి సమీక్ష: లాల్‌బాగ్ క్రుంబీగల్ పుట్టిన ఊరి నుంచి బాస్టై దాకా

చిప్ కంపెనీలు కొన్నింటికి బెంగళూరులోనూ ఆఫీసులున్నాయి, జర్మనీలోని డ్రెస్డెన్‌లోనూ ఉన్నాయి. అందుకే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ తెలుగిళ్ళల్లో డ్రెస్డెన్ ప్రయాణం ఇప్పుడు కొత్త మాటేం కాదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఒక శనివారం దొరికితే చాలు, ఎల్బే నది మీదకి నిటారుగా లేచిన బాస్టై కొండ మీది రాతి వంతెనకి బయల్దేరతారు. కారు పార్కింగ్‌లో పెట్టి, వంతెన మీద ఫొటోలు దిగి, గంటలో తిరిగొచ్చేస్తారు. ఆ బాస్టై ఏ ఊరి పంచాయతీ కిందికి వస్తుందో ఆ లోమెన్‌లో మాత్రం ఎవరూ దిగరు. ఈ సమీక్ష లోమెన్ స్టేషన్‌లో మొదలై, బాస్టై మీదుగా ఎల్బే నది ఒడ్డుకి దిగే నడకదారి గురించి. చేతిలో ఒక్క రోజే ఉన్నా సరే, ఇలా వెళ్ళడమే మంచిదని మా అభిప్రాయం. బాస్టైని చివరికి పెట్టుకోండి.

బెంగళూరువాళ్ళకి ఈ ఊరితో ఒక చుట్టరికం కూడా ఉంది. లాల్‌బాగ్ పక్కన క్రుంబీగల్ రోడ్డు ఉంది కదా, ఆ గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ 1865 డిసెంబరు 18న పుట్టింది లోమెన్‌లోనే. డ్రెస్డెన్ శివార్లలోని పిల్‌నిట్జ్‌లో తోటపని నేర్చుకుని, లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, 1893లో బరోడా గైక్వాడ్ కొలువుకి వచ్చారు. 1908లో బెంగళూరు చేరి, 1932 దాకా లాల్‌బాగ్ బాధ్యతలు చూశారు. గాజు మేడ కట్టించింది ఆయనేనని చాలామంది అనుకుంటారు. అది తప్పు, దాని పునాది 1889లోనే పడింది. ఆయన ఈ నగరానికి ఇచ్చింది వేరే. ఒక జాతి చెట్టు పూత రాల్చేసరికి ఇంకో జాతి పూతకొచ్చేలా రోడ్ల వెంట చెట్లు నాటించిన పద్ధతి ఆయనది. టబెబుయా అయ్యాక జకరండా, దాని వెనకే గుల్‌మొహర్ వరసగా పూస్తుంటే ఆయన్ని తలుచుకోవాలి. 1956లో బెంగళూరులోనే కన్నుమూశారు, సమాధి హోసూరు రోడ్డు శ్మశానంలో ఉంది.

ఇక దారి సంగతి. ముందుగా ఒక జాగ్రత్త: జర్మనీలో లోమెన్‌లు రెండున్నాయి. ఒకటి ఉత్తరాన మెక్లెన్‌బుర్గ్‌లో ఉంది. మ్యాప్‌లో వట్టి లోమెన్ అని కొడితే అక్కడికి దారి చూపించినా చూపిస్తుంది. మనకి కావాల్సింది సాక్సనీ లోమెన్, పిన్ కోడ్ 01847. డ్రెస్డెన్ ప్రధాన స్టేషన్ నుంచి ఎస్-1 లోకల్ రైల్లో పిర్నా వరకు వెళ్ళి, అక్కడ నాయ్‌స్టాట్, సెబ్నిట్జ్ వైపు పోయే చిన్న రైలుకి మారాలి. ఎస్-1 బాగా తరచుగా నడుస్తుంది, ఆ చిన్న రైలు అలా కాదు. కాబట్టి టైం చూసుకోవాల్సింది పిర్నాలో బయల్దేరే రైలుకి, డ్రెస్డెన్‌లో బయల్దేరేదానికి కాదు. నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే విడివిడిగా టికెట్లు కొనొద్దు. ఐదుగురి వరకు చెల్లే చిన్న గుంపు డే టికెట్ ఉంటుంది, అదే తీసుకోండి.

లోమెన్ రాతి పని ఊరు. పేరే స్లావిక్ మాట నుంచి వచ్చిందంటారు. పక్కనే ఉన్న చెక్ దేశంలో ఇప్పటికీ క్వారీని లోమ్ అనే అంటారు. ఇక్కడి ఇసుకరాయి పది కోట్ల ఏళ్ళ నాడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక. మన లాల్‌బాగ్ గుండు వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. దాని మీద ఉలి పెడితే ఉలే మొద్దుబారుతుంది. ఈ ఇసుకరాయి అలా కాదు, తేలిగ్గా చెక్కుడు పడుతుంది. అందుకే డ్రెస్డెన్ మహానగరం మొత్తం ఈ ఎల్బే రాయితోనే లేచింది. ఫ్రావెన్‌కిర్షె చర్చి గోడల మీద నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ కలిసి కనిపిస్తాయి. నల్లవి రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన పాత చర్చివి, తెల్లవి 2005లో పూర్తైన పునర్నిర్మాణంలో పెట్టినవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ రాయి దానంతటదే నల్లబడుతుంది.

ఊళ్ళో చూడాల్సినవి రెండే. వేజెనిట్జ్ వాగు మీదకి నిటారుగా నిలబడ్డ రాతి కొసన ఉంది లోమెన్ కోట. దీన్ని రోడ్డు వైపు నుంచి చూస్తే ఒక పాత పెద్ద ఇల్లులా ఉంటుందంతే. వాగులోకి దిగి తలెత్తి చూడాలి. బండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు పంచాయతీ ఆఫీసు అందులోనే నడుస్తోంది. రాజుల గదులు, నగలు చూపించే మ్యూజియం కోట కాదు, ఆ ఆశతో వెళ్ళకండి. రెండోది 1786-89 మధ్య కట్టిన బరోక్ చర్చి. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద గుడా అనిపిస్తుంది. ఈ చర్చి పాస్టర్ కార్ల్ హైన్రిష్ నికొలాయ్ 1801లో ఈ కొండల మీద ఒక గైడ్ పుస్తకం రాశారు. బాస్టై పేరు బయటివాళ్ళకి తెలియడంలో ఆయన చెయ్యి పెద్దది. 1812లో ఇదే ఊరి కసాయి ఒకాయన బాస్టై మీద చెట్టు బెరడు పాకలు వేసి రొట్టె, వెన్న, బీరు, కాఫీ అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ అక్కడున్న పెద్ద హోటల్‌కి మొదలు ఆ పాకలే. బాస్టైకి ముందు ఈ ఊరు చూడమనడం ఇందుకే.

రిచర్డ్ వాగ్నర్ సంగీతం ఇష్టమైనవాళ్ళు ఇక్కడి నుంచి వాగు వెంట కిందికి, లీబెతాల్ లోయలోకి ఒక పక్కదారి పట్టొచ్చు. 1933లో నిలబెట్టిన ఆయన స్మారకం అక్కడుంది, ఎత్తు పన్నెండు మీటర్ల పైమాటే. మిగతావాళ్ళు దాన్ని వదిలేసినా నష్టం లేదు.

లోమెన్ నుంచి ఊటెవాల్డె పల్లె మీదుగా నడవండి. బ్రష్‌తో గీసినట్టు ఎం అక్షరం ఉన్న గుర్తులు కనిపిస్తే మీరు మాలెర్‌వేగ్ మీద, అంటే చిత్రకారుల బాట మీద ఉన్నట్టు. మొత్తం బాట 110 కిలోమీటర్ల పైనే, మనం నడిచేది అందులో కొంత మేరే. పల్లె దాటాక దారి లోయలోకి దిగుతుంది. పైన ఎండ కాస్తున్నా లోపల చలిగా, చెమ్మగా ఉంటుంది. జూలైలో కూడా పిల్లలకి స్వెటర్ ఉండాలి. ఒకచోట పైనుంచి జారిన పెద్ద బండలు రెండు గోడల మధ్య ఇరుక్కుపోయి ఉంటాయి, దారి వాటి కిందుగా పోతుంది. కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ లాంటి చిత్రకారులు వచ్చి గీసుకున్న రాతి ద్వారం ఇదే.

ఇక్కడ ఐదు నిమిషాలు ఆగి, గోడని దగ్గరగా చూడండి. రాతి నిండా తేనెపట్టులా చిన్న చిన్న గుంటలుంటాయి. రాతిలోకి ఇంకిన నీళ్ళు ఆరేటప్పుడు పటిక లాంటి లవణాలు రంధ్రాల్లో గడ్డకడతాయి. అవి ఉబ్బినప్పుడల్లా ఇసుక రేణువులు ఊడి రాలుతాయి. పాత ఇళ్ళల్లో గోడలు ఉప్పు పట్టి సున్నం పెచ్చులూడటం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వేలితో గీకి చూడాలనిపిస్తుంది కానీ ఆ పని చేయొద్దు. తడిసిన ఇసుకరాయికి బలం బాగా తగ్గుతుంది. అందుకే వాన పడ్డాక ఇక్కడ రాళ్ళెక్కడం నిషిద్ధం. నడిచేవాళ్ళకీ ఇదే హెచ్చరిక: తడి మెట్ల మీద రాలిన ఆకులుంటే నున్నటి అడుగున్న స్పోర్ట్స్ బూట్లు జర్రున జారతాయి. పట్టున్న బూట్లు లేకపోతే వాన మర్నాడు ఈ దారి పెట్టుకోకండి.

లోయ నుంచి పైకెక్కాక రాతి బల్ల ఒకటి వస్తుంది. 1710లో సాక్సనీ పాలకుడు బలాఢ్య ఆగస్టస్ వేట విందు కోసం పెట్టించింది. తెచ్చుకున్న పులిహోర విప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. శాకాహారులు తిండి తెచ్చుకోవడమే మేలు. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు కాబట్టి సరుకు శనివారమే కొనిపెట్టుకోవాలి. దారిలో ఏదైనా కెఫే తెరిచుంటే క్వార్క్‌కొయిల్షెన్ అడగండి. ఉడికించిన బంగాళాదుంప, పెరుగు జున్ను కలిపి పెనం మీద కాల్చిన తియ్యటి బిళ్ళలు ఇవి, పక్కన ఆపిల్ గుజ్జు పెడతారు. పిండిలో గుడ్డు వేస్తారు, తిననివాళ్ళు గమనించాలి. జేబులో నగదు ఉంచుకోండి, చిన్న హోటళ్ళలో కార్డు నడుస్తుందన్న నమ్మకం లేదు.

బాస్టై నిజంగా అద్భుతమే, అందులో రెండో మాట లేదు. నదికి 194 మీటర్ల పైన నిలబడతారు. 1851లో కట్టిన రాతి వంతెనకి ఏడు కమానులు, పొడవు 76.5 మీటర్లు, కింద అగాధం 40 మీటర్లు. అంతకుముందు, 1826లో వేసింది చెక్క వంతెన. చిట్టచివరి మొన మీదున్న పాత వ్యూ పాయింట్‌ని 2016లో మూసేశారు, కింద రాయి మెత్తబడి అరిగిపోయింది మరి. 2023లో తెరిచిన కొత్త వేదిక బరువంతా వెనకనున్న గట్టి నేల మీదే వేసి, మొన రాతికి తగలకుండా గాల్లోకి చాచారు. దారి పొడుగునా రాయి రాలడం చూసుకుంటూ వచ్చినవాళ్ళకి అలా ఎందుకు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా తిరునాళ్ళే. నడిచి వచ్చేసరికి నాలుగవుతుంది కాబట్టి రద్దీ తగ్గాకే చేరతారు. డిసెంబరులో మాత్రం ఈ లెక్క కుదరదు, నాలుగింటికే చీకటి పడుతుంది. ఇది నేషనల్ పార్కు కాబట్టి డ్రోన్ ఎగరేయకూడదు, గుర్తులున్న బాట విడిచి పోకూడదు. పురుగు పట్టి ఎండిన స్ప్రూస్ చెట్లు కూలుతుండటంతో కొన్ని దారులు మూసేస్తుంటారు. ముందురోజు రాత్రే పార్కు వెబ్‌సైట్ చూసుకోవాలి. లోయలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దిగడానికి రెండు దారులున్నాయి. మోకాళ్ళు గట్టివైతే ష్వేడెన్‌లోషర్ ఇరుకు లోయ పట్టండి, 700 మెట్ల దాకా ఉంటాయి. ముప్పై ఏళ్ళ యుద్ధంలో స్వీడన్ సైన్యం వచ్చినప్పుడు ఊళ్ళవాళ్ళు దాక్కున్న చోటు ఇది. పెద్దవాళ్ళుంటే వంతెన దాటి మామూలు మెట్ల దారిలో నది ఒడ్డునున్న రాథెన్ ఊరికి దిగండి. రైల్వే స్టేషన్ అవతలి ఒడ్డున ఉంది, మధ్యలో ఎల్బే నది. దాటించే రేవు పడవకి ఇంజను ఉండదు. ఎగువన నది మధ్య లంగరేసిన పొడవాటి తీగకి దాన్ని కట్టి ఉంచుతారు. పడవని ప్రవాహానికి ఏటవాలుగా తిప్పితే నీటి తోపుడే దాన్ని అవతలి గట్టుకి నెడుతుంది. వచ్చేటప్పుడు రెండో వైపుకి వాలుస్తారు. మోత లేదు, పొగ లేదు, నీళ్ళ చప్పుడు తప్ప ఏం వినిపించదు. వరదొస్తే మాత్రం పడవ ఆపేస్తారు. అలాంటప్పుడు రాథెన్‌కి దిగకుండా బాస్టై పార్కింగ్ నుంచే పిర్నా బస్సు ఎక్కేయాలి.

మొత్తం నడక సుమారు పన్నెండు కిలోమీటర్లు. ఆగుతూ చూస్తూ వెళ్తే ఆరు గంటలు పెట్టుకోండి. స్ట్రోలర్‌తో అస్సలు కుదరదు, పసిపిల్లల్ని వీపుకి కట్టుకోవాలి. నడవలేని అమ్మానాన్నలు వెంట ఉంటే లోమెన్ కోట, చర్చి చూపించి, అక్కడి నుంచి బాస్టైకి బస్సెక్కించండి. ఇంకో రోజు మిగిలితే క్రుంబీగల్ పని నేర్చుకున్న పిల్‌నిట్జ్ తోటకి కూడా వెళ్ళండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల అయితే మరీ మంచిది. 1801లో నాటిన కమేలియా చెట్టు అప్పుడు పూత మీద ఉంటుంది. 1905 జనవరిలో చలి తగలకుండా దానికి వేసిన పందిరి అంటుకుంటే ఆర్పడానికి కొట్టిన నీళ్ళు గడ్డకట్టి, ఆ మంచు కవచమే చెట్టుని కాపాడింది. ఇప్పుడు చలికాలం రాగానే పట్టాల మీద ఒక గాజు ఇంటిని జరిపి తెచ్చి చెట్టుకి తొడుగుతారు, ఎండలు ముదిరాక మళ్ళీ పక్కకి తోసేస్తారు.