మా గిర్నికి మోటారు, సోలార్: ఫిట్టర్‌కు నాలుగు స్టార్లు

వరంగల్ కొత్తవాడల మాది పిండి గిర్ని. ఆజంజాహీ మిల్లుల చేసిన తాత జీతం పైసలతోని పెట్టిండు. 1934 నాటి ఆ మిల్లే మూతపడ్డది, మా గిర్ని మాత్రం ఆగలే. డీజిల్ ఇంజన్ పొగకు వాడకట్టోళ్లు తిడుతుంటే, హన్మకొండ నుంచి ఒక ఫిట్టర్‌ను పిలిచి 10 హెచ్‌పీ మోటారు, రేకుల మీద సోలార్ పెట్టించిన.

పనితనం మెచ్చుకోవాలె. రాయిని తిప్పే పాత షాఫ్టు నిమిషానికి 360 చుట్లు, మోటారేమో 1440. షాఫ్టు చక్రం 24 అంగుళాలు. టేపు పెట్టి కొలిచి, మోటారుకు 6 అంగుళాల పుల్లీ బిగించిండు. రాయి వేగం మారలే, జొన్నపిండి వేడెక్కుతలేదు. మోటారు ఒక్కసారే గుంజకుండ మెల్లగ ఎత్తుకునేటట్టు స్టార్-డెల్టా స్టార్టర్ పెట్టిండు, ఆన్ చేస్తే బెల్టు ఊడుతలేదు. ఇంజన్‌ను తుక్కుకు అమ్ముతా అంటే వద్దన్నది కూడా ఆయనే. ఇప్పుడు ఆదివారం పిల్లల కోసం కాసేపు నడుపుతున్న.

ఒక స్టార్ ఎందుకు కోసిన్నంటే, కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతదని ముందు చెప్పలే. సోలార్ కరెంటు బయటి లైన్లకు పోయి, దాని మీద పనిచేసెటోళ్లకు షాక్ కొట్టొద్దని అట్ల చేస్తరట, సరే. కానీ ఆ ముచ్చట నాకు గిరాకీ గోధుమల సంచి పట్టుకొని నిలబడ్డంక తెలిసింది. ఆ పూట తాత ఇంజనే ఇజ్జత్ కాపాడింది.