సెమినరీకా, ఎక్స్‌టెన్షన్ కోర్సుకా, పెద్ద అయ్యగారి దగ్గరకా? సేవలోకి రావాలనుకునేవాళ్లకి ఏది మేలు

మా సంఘంలో ఒక తమ్ముడు ఉన్నాడు, పగలు ఎరువుల షాపులో లెక్కలు చూస్తాడు, ఆదివారం సండే స్కూల్ తనదే, యూత్ మీటింగ్ తనదే, పెళ్లయి ఇద్దరు పిల్లలు. పోయిన నెల వచ్చి "అయ్యగారూ, జాబ్ మానేసి సెమినరీలో చేరిపోనా?" అని అడిగాడు. వెంటనే అవునని చెప్పలేకపోయా, వద్దని కూడా అనలేకపోయా. ఈ మధ్య ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు ఫోన్లో అడిగారు కాబట్టి నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. దారులు మూడు: హాస్టల్లో ఉండి చదివే పాస్టర్ల కాలేజీ, అదే సెమినరీ; పెద్ద అయ్యగారి, అంటే అనుభవమున్న పాస్టర్ గారి, వెనక తిరిగి నేర్చుకోవడం; ఇంట్లో ఉండే చదివే ఎక్స్‌టెన్షన్ కోర్సు.

ముందు నా సంగతి. నేను సెమినరీ హాస్టల్లో ఉండి నాలుగేళ్లు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివినవాణ్ణి. ఆఖరి ఏడాది బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే బాధలు పడ్డ యోబు గ్రంథం మీద పెద్ద పేపర్ రాశా, మంచి మార్కులే వచ్చాయి. మొదటి పోస్టింగ్‌లో మూడో వారం ఒక ఇంటికి పిలిచారు, ఎనిమిదేళ్ల బాబు డెంగీతో చనిపోయాడు. వాళ్లమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది, చేతిలో బాబు స్కూల్ బెల్టు, దాన్నే వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. నన్ను చూసి "అయ్యగారూ, ఈ ఏడాది దశమభాగం ఇవ్వలేదు మేము, అందుకేనా?" అంది. దశమభాగమంటే ఆదాయంలో పదోవంతు సంఘానికి ఇచ్చేది. నాకు నోరు పెగల్లేదు. పక్కనున్న సంఘ పెద్ద అందుకుని "మంచి పువ్వుల్నే దేవుడు ముందు కోసుకుంటాడమ్మా" అన్నాడు, ఆవిడ బెల్టు ఇంకా గట్టిగా బిగించింది. నేను కీర్తన ఒకటి చదివి ప్రార్థన చేసి వచ్చేశా.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు, నోరు తెరిచాకే తప్పుడు మాటలు మొదలయ్యాయి, ఇది నా పేపర్లో నేనే రాశా. కానీ ఆ ఇంట్లో ఊరికే కూర్చోవచ్చని నాకు తట్టలేదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాడి గురించి ఎవరి పాపం అని అడిగితే వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అని ప్రభువే చెప్పాడు, ఆ మాట గ్రీకులో చదివినవాణ్ణి నేను, అది కూడా ఆ తల్లికి చెప్పలేకపోయా. చదివినది తలలో ఉంది, నోటిదాకా రాలేదు. అందుకే మూడు దారుల్నీ నేను ఈ ఒక్క విషయంతోనే కొలుస్తా, ఆ ఇంటి గడప దాటి లోపలికెళ్లిన రోజున ఏ దారి పనికొస్తుంది అని.

సెమినరీ సంగతి చూద్దాం. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. బెంగాల్లోని సెరంపూర్ కాలేజీకి 1818లో పునాది పడింది, 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే చార్టర్ ఇచ్చాడు, ఇప్పటికీ మన బీడీ డిగ్రీలు ఆ కాలేజీ సెనేట్ నుంచే వస్తాయి. మన దగ్గర ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చింది, లూథరన్, బాప్టిస్ట్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుతారు. చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం బాప్టిస్టులు ఒప్పుకోరు, అలాంటి కుర్రాడితో నేను రూమ్ పంచుకోబట్టే చిన్నపిల్లల బాప్తిస్మం గురించి మా వాళ్లు చెప్పేది మొదటిసారి నిజంగా ఆలోచించా. హీబ్రూ, గ్రీకు, సంఘ చరిత్ర, నెమ్మదిగా చదువుకునే టైము, ఇవి తర్వాత జీవితంలో దొరకవండి, సంఘం చేతికొచ్చాక పుస్తకం తెరిస్తే పదో నిమిషంలో ఫోన్ మోగుతుంది.

లోపం ఎక్కడంటే, ఆదివారం మమ్మల్ని సంఘాలకి పంపేవాళ్లు, సోమవారం తిరిగొచ్చి క్లాసులో కూర్చునేవాళ్లం, నిన్న ఏం చూశావు, ఎవరు ఏం అడిగారు, నువ్వేం చెప్పావు అని అడిగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నిచోట్లా ఇలాగే అని అనట్లేదు, మాకు అలా జరిగింది. ఇక ఖర్చు, కుటుంబం సంగతి సరేసరి.

రెండోది, పెద్ద అయ్యగారి వెనక తిరిగి నేర్చుకోవడం. తెలుగు సంఘానికి ఇది పాత దారి. 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య అనే బోధకుడు ఏ సెమినరీలోనూ చదవలేదు, ఒంగోలు చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. తర్వాత 1876-78 కరువొచ్చింది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, మన బోధకులే అక్కడ మేస్త్రీలు, పని మధ్యలో కూలివాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేది కూడా వాళ్లే. చాలామంది బాప్తిస్మం అడిగారు. కూలి కోసం అడుగుతున్నారా, నమ్మి అడుగుతున్నారా తేలాలని కరువు పని నడిచినంత కాలం ఎవరికీ ఇవ్వలేదు. పని ఆగిపోయాక కూడా జనం వచ్చారు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. బాప్తిస్మం అంటే ఏంటి, అన్నానికీ దానికీ మధ్య గీత ఎక్కడ అన్న ప్రశ్న కాలువ గట్టు మీద మట్టి తట్టల మధ్య తేల్చుకోవాల్సి వచ్చింది. దైవశాస్త్రమంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఇదే.

ఈ దారిలో దొరికేది పుస్తకంలో ఉండదు. చావింటికి వెళ్తే ముందు ఎవరి దగ్గర కూర్చోవాలి, ఎంతసేపటికి లేవాలి, ఏ ప్రశ్న అడగకూడదు, భూస్థాపన దగ్గర వాన మొదలైతే ఏం కుదించాలి, ఇవన్నీ పక్కనుండి చూస్తేనే వస్తాయి. నాకు ఇవి నేర్పింది పక్క ఊరి రిటైర్డ్ అయ్యగారు, ఆయన చావింట్లో ముందు మంచినీళ్లు అడిగి తాగి కూర్చునేవారు, మాట్లాడేవారు కాదు, ఆ ఇంటివాళ్లే మొదలుపెట్టేవాళ్లు.

కానీ ఇందులో భయం కూడా ఎక్కువే. పెద్దాయన తప్పు నేర్పితే ఆ తప్పు నీదైపోతుంది. దశమభాగం ఇవ్వకపోతే పిల్లాడు పోతాడు అన్న మాట ఆ తల్లి మనసులోకి ఎలా వచ్చింది? ఎవరో పాస్టర్ గారు పుల్పిట్ మీద అన్నారు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు మళ్లీ అన్నారు. గురువుగారి మాటని వాక్యంతో సరిచూసుకునే చదువు శిష్యుడికి లేకపోతే, అడిగే ధైర్యం కూడా లేకపోతే, సంఘంలో గాయాలు అలాగే కొనసాగుతాయి. అందుకే ఈ ఒక్క దారే చాలు అని నేను ఎవరికీ చెప్పను.

మూడోది ఎక్స్‌టెన్షన్ కోర్సు. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లు మొదలుపెట్టారు. పల్లెల నుంచి పిల్లల్ని పట్నం తెచ్చి చదివిస్తే తిరిగి పల్లెకి వెళ్లేవాళ్లు కరువయ్యారు, అప్పటికే పల్లెల్లో సంఘాల్ని నడిపే పెద్దలకేమో ఇల్లూ పొలమూ వదిలి వచ్చే వీల్లేదు, సరే సెమినరీనే వాళ్ల దగ్గరికి పంపుదాం అనుకున్నారు. మన దేశంలో బెంగళూరు కేంద్రంగా ఇలాంటి కోర్సులు నడిపే టాఫ్టీ అనే సంస్థ 1971లో వచ్చింది, సెరంపూర్ సెనేట్ కూడా బయట ఉండి చదివేవాళ్లకి బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) లాంటి కోర్సులు ఇస్తోంది. పని తీరు ఏంటంటే ఇంట్లో పాఠం చదువుకోవాలి, వారమంతా సంఘంలో చేసే పని చేస్తూనే ఉండాలి, వారానికోసారి గ్రూపుగా కూర్చుని ఆ చదువునీ ఈ పనినీ కలిపి మాట్లాడుకోవాలి. టెడ్ వార్డ్ అనే విద్యావేత్త దీన్ని కంచెతో పోల్చాడు, పై కర్ర చదువు, కింది కర్ర సేవ, రెండిటినీ పట్టుకునే గుంజలు ఈ గ్రూపులు.

ఆ గుంజల సంగతి నాకు మా వరండాలోనే అర్థమైంది. గురువారం సాయంత్రం ఐదుగురం కూర్చుంటాం, నేను ట్యూటర్‌ని. ఒకసారి పాఠం బాప్తిస్మం. అంగన్‌వాడీ టీచరమ్మ పుస్తకం మూసి "మా వీధిలో కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు, బాప్తిస్మం కావాలంటున్నాడు, వాళ్లమ్మ ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని ఏడుస్తోంది, నేనేం చెప్పాలి?" అంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీ కిందకి వెళ్తాడు, కుర్రాడి చదువూ ఉద్యోగమూ దాని మీదే ఉన్నాయి. పేపర్ మీద ఒకటి సంఘంలో ఒకటి అని మనమే నేర్పొచ్చా? నీటిలో దిగకుండా నమ్మకం చాలదా? అలా చాలదన్నామంటే ఆ బరువు మోసేది మనం కాదే, ఆ పేద తల్లి కదా? కరెంట్ పోయింది, ఫోన్ లైట్లు పెట్టుకుని రెండు గంటలు మాట్లాడాం. అపొస్తలుల కార్యాలు తీశాం, రోమా ఆరో అధ్యాయం తీశాం. జవాబు పూర్తిగా దొరకలేదు, కానీ టీచరమ్మ మర్నాడు ఆ తల్లి దగ్గరికి వెళ్లింది, ఒప్పించడానికి కాదు, ముందు ఆవిడ భయం వినడానికి. నా బీడీలో ఇదే విషయం పది మార్కుల ప్రశ్న.

దీనికీ లోపాలున్నాయి. చదువు లోతు తక్కువ, గ్రీకు పెద్దగా రాదు, పొలం పనుల సీజన్లో గ్రూపులో ఇద్దరే మిగులుతారు, మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ.

అయినా మూడిట్లో ఏది మేలు అని గట్టిగా అడిగితే, ఇప్పటికే సంఘంలో పని చేస్తూ కుటుంబం ఉన్నవాళ్లకి నా మాట ఎక్స్‌టెన్షన్ కోర్సే, దానికి తోడు ఒక పెద్ద అయ్యగారితో నెలకి రెండు చావిళ్లకో ఆసుపత్రికో వెళ్లిరండి. ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు, సంఘం ఫీజు కడతానంటోంది అంటే మాత్రం సెమినరీకే వెళ్లండి, ఆ వయసు మళ్లీ రాదు. కాకపోతే అక్కడ ఉన్నప్పుడే వెర్బాటిమ్ రాయడం నేర్చుకోండి. 1925లో అమెరికాలో ఆంటన్ బోయ్‌సన్ అనే పాస్టర్ గారు, తనే మానసిక ఆసుపత్రిలో పేషెంటుగా ఉండి వచ్చినాయన, దైవశాస్త్ర విద్యార్థుల్ని అలాంటి ఆసుపత్రిలోనే శిక్షణకి పెట్టుకున్నారు. ఆ శిక్షణే పెరిగి పెరిగి మన వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి దాకా వచ్చింది. వెర్బాటిమ్ అంటే రోగిని కలిసొచ్చాక ఆమె అన్నది, నేను అన్నది గుర్తున్నంత మేర మాటకి మాట రాసి, గ్రూపులో చదివి వినిపించడం. నేను ఆ తల్లి దగ్గర జరిగింది ఏళ్ల తర్వాత అలా రాశా, పేజీ కూడా నిండలేదు. అందులో నా మాటలు ఒక్క లైను కూడా లేవు, అప్పుడు చదివి వినిపించడానికి నాకు గ్రూపే లేదు.

మా తమ్ముడికి షాపు మానొద్దని చెప్పా. వాళ్లావిడ కూడా కోర్సులో చేరతానంటోంది, అది ఇంకా మంచిది, ఆడవాళ్ల ఇళ్లలోకి అయ్యగారి కంటే ఆమెకే ముందు పిలుపొస్తుంది. కోర్సుకి కట్టేముందు మాత్రం ఆ సెంటర్లో ట్యూటర్ ఎవరు, వారం వారం గ్రూపు నిజంగా కూర్చుంటుందా, ఇప్పుడు చదువుతున్నవాళ్లలో ఇద్దరితో మాట్లాడొచ్చా అని అడగండి. గ్రూపు కూర్చోవట్లేదంటే డబ్బులు కట్టకండి, పుస్తకాలు మీ పాస్టర్ గారి దగ్గర అడిగి తెచ్చుకుని చదువుకోవచ్చు.