ట్రాన్స్‌ఫర్ కేస్‌లో నైంటీ ఆయిలా, ఎర్ర ఆయిలా? చెరువు గట్ల మీద వాడి చూశాక

నా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లో ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే పెట్టెలో, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో డెక్స్‌రాన్ 3 రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోసి చాలా కాలంగా తిప్పుతున్నాను. అదేనండి, మన స్పేర్ పార్ట్స్ షాపుల్లో స్టీరింగ్ ఆయిల్ అని ఇచ్చే ఎర్ర ఆయిల్. మేత బస్తాలు, జనరేటర్ డీజిల్, రొయ్యల పట్టుబడి రోజున ఐసు, అన్నీ దీని మీదే. మలికిపురం వైపు రొయ్యల చెరువుల గట్లు, వానాకాలం బంకమట్టి, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఎక్కడం దిగడం, ఏదీ తప్పించుకోలేదు. బాగుంది, మళ్లీ అదే పోస్తాను.

అలాగని మీరు వెంటనే వెళ్లి ఎర్ర డబ్బా కొనేయకండి. నా బండి పేరు ఇక్కడ కావాలనే రాయట్లేదు, పేరు చూసి ఆయిల్ కొనేస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది. ఒకే పేరుతో అమ్మిన పికప్‌లోనే ఏడాది మారితే, గేర్‌బాక్స్ మారితే, కింద ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్ వేరేది అయ్యుండొచ్చు. చాలా కేసులకు వెనక వైపు చిన్న రేకు బిళ్ల ఉంటుంది, బురద గీకి గుడ్డతో తుడిస్తే నంబరు కనపడుతుంది. ఆ తర్వాత మాన్యువల్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్‌కి ఏం రాశారో చూడండి, గేర్‌బాక్స్‌కి రాసింది కాదు, ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌కి రాసింది అసలే కాదు. ఈ మూడింటికీ ఒకే డబ్బాలోంచి పోసేవాళ్లని మా ఊళ్లోనే చూశాను.

నేను కొన్నది సెకండ్‌హ్యాండ్‌లో. మొదటిసారి డ్రెయిన్ చేస్తే నల్లగా, చిక్కగా, గంధకం కంపు కొడుతూ దిగింది. నైంటీ గేర్ ఆయిల్. మాన్యువల్‌లో చూస్తే డెక్స్‌రాన్ 3 అని స్పష్టంగా ఉంది. మా మెకానిక్ బాబాయిని అడిగితే, "ఆయ్, నైంటీ ఏసేస్తే ఇంక చూసుకోనక్కర్లేదండి, పల్చటిది పోస్తే పళ్లు అరిగిపోతాయి" అన్నాడు. ఆయన అనుభవంలో ఆ మాట నిజమే, ఎందుకంటే ఆయన చెయ్యి తిరిగింది పాత మహీంద్రా జీపుల మీద, ట్రాక్టర్ల మీద. ఆ జీపుల్లో ఉండే స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేస్‌లో చైన్ ఉండదు, అంతా గేర్లే, దానికి 90 గేర్ ఆయిలే కరెక్టు. మారుతి జిప్సీదీ గేర్ల కేసే, అదీ గేర్ ఆయిల్‌తోనే నడుస్తుంది. అలాంటి బండి ఉన్నవాళ్లు ఈ రివ్యూ చూసి ఎర్ర ఆయిల్ పోశారంటే కొంప కొల్లేరవుతుంది.

నా బండిలో ఉన్నది చైన్ రకం. ముందు చక్రాలకు పవర్ వెళ్లేది వెడల్పాటి స్టీలు చైన్ మీదుగా. లోపల షాఫ్ట్ మీద చిన్న ఆయిల్ పంపు ఉంటుంది, అది అడుగు నుంచి జల్లెడ గుండా ఆయిల్ లాగి, షాఫ్ట్‌లోని సన్నటి రంధ్రాల్లోంచి బుష్‌లకు, బేరింగులకు పంపిస్తుంది. ఆ రంధ్రాలు, ఆ పంపు పల్చటి ఆయిల్ కోసం చేసినవి. 100 డిగ్రీల వేడి దగ్గర డెక్స్‌రాన్ 3 చిక్కదనం సుమారు 7 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క), అదే 90 గ్రేడ్ గేర్ ఆయిల్‌కి కనీసం 13.5 ఉండాలి. దాదాపు రెట్టింపు. పైగా నడుస్తుండగా ఫోర్ హైకి (నాలుగు చక్రాలకూ పవర్, మామూలు స్పీడు) మారే కేసుల్లో, గేర్లు గీరుకోకుండా కలిపే సింక్రోనైజర్‌కి ఇత్తడి, కంచు భాగాలు ఉంటే, జీఎల్-5 (డబ్బా మీద రాసే గేర్ ఆయిల్ రకం) నైంటీలో ఉండే గంధకం మందులు వేడి మీద వాటిని తినే ప్రమాదం ఉంది. జీఎల్-4లో ఆ మందు తక్కువ. మన దగ్గర చలి లేదుగా, చిక్కటిది పోసినా పర్లేదు అంటారు చాలామంది. స్టార్టింగ్ వరకు ఒప్పుకుంటాను. కానీ మే నెలలో బస్తాల లోడుతో ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ పవర్, తక్కువ స్పీడు, ఎక్కువ లాగుడు) గట్టెక్కేటప్పుడు చైన్ ఆ చిక్కటి ఆయిల్‌ని చిలుకుతూ తిరగాలి, ఆ శ్రమంతా వేడిగానే మారుతుంది.

ఎర్ర ఆయిల్ పోశాక తెలిసిన మొదటి తేడా ఫోర్ వీల్‌కి మార్చే నాబ్ దగ్గర. అంతకుముందు ఫోర్ హైకి తిప్పితే డాష్‌బోర్డులో లైటు మినుకుమినుకుమంటూ ఉండి, ఎప్పటికో కింద ధబ్ మని పట్టేది. ఇప్పుడు తిప్పగానే పడుతుంది, చప్పుడు లేదు. మైలేజీ పెరిగిందా అంటే నాకైతే తెలియలేదు, పెరిగిందని చెప్పేవాళ్లని నమ్మను కూడా.

మైనస్‌లూ ఉన్నాయి. నైంటీ ఉన్నప్పుడు కేస్ చప్పుడు లేకుండా ఉండేది, ఇప్పుడు స్పీడు మీద సన్నగా కూత వినిపిస్తుంది. అంతకంటే చిరాకు పెట్టింది వెనక సీలు. చిక్కటి ఆయిల్ ఉన్నన్నాళ్లూ పొడిగా ఉన్న సీలు, పల్చటిది పడగానే చెమర్చడం మొదలుపెట్టింది, చివరికి మార్చాల్సి వచ్చింది. పాత బండి కొనేవాళ్లు ఇక్కడ జాగ్రత్త: చైన్ సాగిపోయి లోడు మీద టకటకమంటుంటే ఆ చప్పుడు మూయడానికి నైంటీ పోసి అమ్మేవాళ్లు ఉంటారు. సాగిన చైన్‌ని ఏ ఆయిలూ బాగుచేయదు.

ఇక డబ్బా మీద రాత. డెక్స్‌రాన్ అనేది జనరల్ మోటార్స్ వాళ్ల స్పెసిఫికేషన్. 2005లో డెక్స్‌రాన్ 6 వచ్చాక వాళ్లు 3కి లైసెన్సు ఇవ్వడం మానేశారు, కాబట్టి ఇప్పుడు షాపులో దొరికే డెక్స్‌రాన్ 3 ఆయిల్ ఆ ఆయిల్ కంపెనీ మాట మీద నమ్మి కొనేదే. అందుకే పేరున్న కంపెనీది, సీలు చెక్కుచెదరనిది కొంటాను, లూజు ఆయిల్ జోలికి వెళ్లను. చవగ్గా ఉందని "టైప్ ఏ" అని రాసినది ఇస్తే తీసుకోకండి, అది డెక్స్‌రాన్ రాకముందటి పాత స్పెసిఫికేషన్. రెండూ ఎర్రగానే ఉంటాయి, షాపు కుర్రాడికి రెండూ స్టీరింగ్ ఆయిలే. డెక్స్‌రాన్ 6 ఇంకా పల్చన, 100 డిగ్రీల దగ్గర 6.4 దాటకూడదు. మాన్యువల్‌లో 3 అని ఉంటే నేను 3లోనే ఉంటాను. నాలుగు చక్రాలకూ దానంతట అదే పవర్ పంచే ఆటో మోడ్ కేసుల్లో క్లచ్ ప్లేట్లుంటాయి, వాటికి కంపెనీ చెప్పిన ప్రత్యేక ఆయిల్ తప్ప ఏదీ పోయకూడదు.

బ్రాండ్ గురించి అంత ఆలోచించేవాళ్లు నీళ్ల గురించి ఆలోచించరు. డెల్టాలో కేస్‌ని చంపేది నీళ్లే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఎన్ని బండ్లు ఇరుసు దాకా మునిగాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వేడిగా ఉన్న కేస్ ఒక్కసారి నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, కేస్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టం నీళ్లలో ఉంటే అక్కణ్నుంచి, సీలు వీక్‌గా ఉంటే అక్కణ్నుంచి నీళ్లు లోపలికి లాగుతుంది. మన చెరువుల నీళ్లు ఉప్పువి కూడాను. ఆయిల్ పోసే రంధ్రానికి ఉండే ఫిల్ నట్టు విప్పి వేలు పెట్టి చూడండి: ఎర్రగా, పారదర్శకంగా ఉంటే సరే, రాజమండ్రి రోజ్‌మిల్క్‌లా కనపడితే ఆ రోజే దించేయాలి. అనుమానంగా ఉంటే రెండు చుక్కలు వేడి రేకు మీద వేయండి, చిటపటమంటే నీళ్లున్నట్టే. నా కేస్‌లో పట్టేది రెండు లీటర్ల లోపు, ఆ ఖర్చు ఒక మేత బస్తా ధర కంటే తక్కువ. అందుకే మాన్యువల్‌లోని కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి వానాకాలం అయిపోగానే మార్చేస్తాను.

మార్చేటప్పుడు ముందు పై ఫిల్ నట్టు విప్పండి, అది వస్తుందని ఖాయమయ్యాకే కింద డ్రెయిన్ నట్టు ముట్టుకోండి. పైది పట్టేసి కింద అంతా దించేశారంటే బండి అక్కడే ఆగిపోతుంది. కేస్ అల్యూమినియంది, బలం చూపిస్తే మర పోతుంది. నట్టు అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలే, గోరుకి తగిలే ముక్కలుంటే మెకానిక్‌ని పిలవాలి. నైంటీ నుంచి మారేవాళ్లు ఒకసారి ఏటీఎఫ్ పోసి కాస్త తిప్పి, అది కూడా దించేసి మళ్లీ కొత్తది పోయండి, పాతది మూలల్లో చాలా మిగులుతుంది. లెవెల్ అంటే ఫిల్ రంధ్రం అంచు, బండి సమంగా ఉన్న చోట, అంతే. గట్టు దిగి తారు రోడ్డెక్కగానే టూ హైకి (రెండు చక్రాలకే పవర్) తిప్పేయండి, కావాలన్నప్పుడే ఫోర్ వీల్‌కి మార్చుకునే పార్ట్‌టైమ్ కేస్‌ని ఎండు రోడ్డు మీద ఫోర్ హైలో తిప్పితే ఏ ఆయిలూ కాపాడదు.

బ్రీదర్ గొట్టాన్ని నేను ఇంజిన్ గది వెనక గోడ దాకా పైకి పొడిగించాను. చెరువులకు వాడే మామూలు ప్లాస్టిక్ పైపు వద్దు, ఆయిల్ ఆవిరికి, వేడికి మెత్తబడిపోతుంది. డీజిల్ పైపు రబ్బరుది, మడత పడకుండా, చివర కిందికి వంచి క్లిప్పు వేస్తే చాలు.